ఫాంటసీ లీగ్‌లో ముఖాముఖి పోటీల లెక్కను ఏళ్ల తరబడి నిలుపుకోవడం ఎలా

నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని ఊహాజట్టు కట్టి, మైదానంలో వారి ఆటకు వచ్చే పాయింట్లతో పోటీపడేదే ఫాంటసీ లీగ్. పదేళ్లుగా కలిసి అలా ఆడుతున్న స్నేహితులను పాత సీజన్ల విజేతలెవరని అడిగితే రెండు మూడు పేర్లు చెప్పి ఆగిపోతారు. ఫలానా మిత్రుడి చేతిలో ఎప్పుడెప్పుడు ఓడిపోయారని అడిగితే మాత్రం ఆ వారం ఎవరిని కెప్టెన్‌గా (పాయింట్లు రెట్టింపయ్యే ఆటగాడిగా) పెట్టారో, ఎవరిని బెంచ్ మీద వదిలేశారో కూడా పూసగుచ్చినట్టు చెబుతారు. పట్టికలో స్థానం అందరితో కలిపి చూసుకునే లెక్క, ముఖాముఖి మ్యాచ్ ఇద్దరి మధ్యనే తేలే లెక్క. లీగ్ పాతబడే కొద్దీ ఈ రెండో లెక్కే మనుషులను ఏటా మళ్లీ రప్పిస్తుందని, అందుచేత దానిని జ్ఞాపకాలకు వదిలేయకుండా ఒక పద్ధతి ప్రకారం రాసి కాపాడుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

నా నమ్మకానికి కారణమైన సంగతి ఒకటుంది. పదిమంది ఆడే మా లీగ్‌లో ఒక మిత్రుడికీ నాకూ మధ్య లెక్క 9-8 అని నేను, 8-9 అని ఆయన చాలాకాలం వాదించుకున్నాము. చివరికి పాత ఫోనులోని స్క్రీన్‌షాట్లన్నీ తిరగేస్తే గొడవ అంతా ఒకే ఒక్క మ్యాచ్ దగ్గర ఉందని తేలింది. ఆ వారం నాకు 58, ఆయనకు 56 పాయింట్లు వచ్చాయి, కనుక నేనే గెలిచానని ఇన్నాళ్లూ అనుకున్నాను. అయితే ఆ వారం నేను అదనంగా ఒక బదిలీ చేసి, అంటే జట్టులో ఒకరిని తీసి మరొకరిని చేర్చి, 4 పాయింట్లు వదులుకున్న సంగతి పూర్తిగా మరిచిపోయాను. కోత పోగా నాకు మిగిలినవి 54. నేను గెలుపుగా లెక్కపెట్టుకున్న ఆ మ్యాచ్ నిజానికి ఓటమి. ఇద్దరమూ మనస్ఫూర్తిగా నిజమే చెబుతున్నామనుకుంటూ రెండు వేర్వేరు లెక్కలు మోసుకు తిరిగాము. ఆ తరువాతే నేను రిజిస్టరు రాయడం మొదలుపెట్టాను.

ముందుగా ఆట రూపం

అన్ని ఫాంటసీ ఆటలూ ముఖాముఖి ఆటలు కావు. 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్ తన మిత్రులతో మొదలుపెట్టిన రోటిసరీ బేస్‌బాల్‌లో సీజన్ మొత్తం పోగైన గణాంకాలను బట్టి అన్ని జట్లకూ ఒకేసారి ర్యాంకులు ఇస్తారు. ఫలానా వారం ఫలానా ఇద్దరు తలపడ్డారనే మాట అందులో ఉండదు. అమెరికన్ ఫుట్‌బాల్ ఫాంటసీలో వారానికొక ప్రత్యర్థితో తలపడే పద్ధతే ఎక్కువగా కనిపిస్తుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ మీద నడిచే ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌లో రెండు రకాలూ ఉన్నాయి. క్లాసిక్ లీగ్‌లో మొత్తం పాయింట్లే చూస్తారు, ముఖాముఖి లీగ్‌లో గెలుపుకు 3, డ్రాకు 1 చొప్పున ఇస్తారు. అక్కడ అదనపు బదిలీలకు పోయిన పాయింట్లను తీసేసిన తరువాతే గెలుపోటములు నిర్ణయిస్తారు. పైన చెప్పిన నా ఓటమి ఆ నియమం ప్రకారమే ఖాయమైంది.

మీ లీగ్ ఇప్పటివరకూ క్లాసిక్ పద్ధతిలోనే నడిచి ఉంటే విచారించనక్కరలేదు. వారంవారం వచ్చిన పాయింట్లు చేతిలో ఉన్నంతవరకు వాటి మీద మీ సొంత షెడ్యూలు వేసుకుని ఒక స్ప్రెడ్‌షీట్‌లోనే ముఖాముఖి లీగ్ నడుపుకోవచ్చు. నన్నడిగితే ఇదే మేలైన మార్గం. యాప్ దానంతట అది వేసే షెడ్యూలులో ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలన్నది మన చేతిలో ఉండదు. పాత పోటీలకు తగిన వారాలు కేటాయించాలంటే షెడ్యూలు మన దగ్గర ఉండాలి.

రిజిస్టరులో ఏమేమి రాయాలి

ప్రతి మ్యాచ్‌కు ఒక వరుస చాలు. అందులో సీజన్, వారం సంఖ్య, ఆ వారం మొదటి రోజు తేదీ, అది లీగ్ మ్యాచా నాకౌటా అన్న వివరం, ఇద్దరి పాయింట్లు, బదిలీల కోత, కోత పోగా మిగిలిన తుది పాయింట్లు, ఇద్దరి కెప్టెన్లు, ఫలితం ఉండాలి. చివరగా ఒక్క వాక్యం రాసుకోవడానికి ఖాళీ గడి వదలాలి. నా పాత మ్యాచ్‌నే ఇప్పుడు రాస్తే ఆ వరుస ఇలా ఉంటుంది: “14వ వారం, లీగ్ మ్యాచ్, 58-56, కోత 4-0, తుది 54-56, ఓటమి, అక్కర్లేని బదిలీ.” ఆ చివరి రెండు మాటలు గణాంకానికి పనికిరాకపోవచ్చు గాని, అయిదేళ్ల తరువాత ఆ వరుస చదివేటప్పుడు ఆ వారమంతా కళ్ల ముందుకు వచ్చేది వాటివల్లనే.

వారం సంఖ్య ఉండగా తేదీ ఎందుకని అనిపించవచ్చు. 2019-20 ప్రీమియర్ లీగ్ సీజన్ కరోనా వల్ల మార్చిలో ఆగి జూన్‌లో మళ్లీ మొదలైనప్పుడు, ఫాంటసీ ఆటలో 29వ వారం తరువాత వారాలను 30 ప్లస్ నుంచి 38 ప్లస్ వరకు అని పిలిచారు, గణాంకాల్లో వాటి సంఖ్యలు మాత్రం 39 నుంచి 47 వరకు నడిచాయి. ఆ సంగతి తెలియనివారు పాత కాగితంలో 45వ వారం అని చూస్తే 38 వారాల సీజన్‌లో 45 ఎక్కడిదని తికమకపడతారు. పక్కన తేదీ ఉంటే ఆ అనుమానమే రాదు.

లెక్క జట్టు పేరు మీద కాకుండా మనిషి మీద నడవాలి. జట్ల పేర్లను ఏటా మార్చుకోవడం ఈ ఆటలో సరదా, కొందరైతే నెలకొకటి మారుస్తారు. కనుక ప్రతి ఒక్కరికీ మారని గుర్తు ఒకటి పెట్టుకుని, ఆ ఏటి జట్టు పేరును పక్కన వేరే గడిలో రాయడం మంచిది. ఒకరు లీగ్ వదిలి ఆ స్థానంలోకి కొత్తవారు వస్తే పాత లెక్క వారికి సంక్రమించదు, వారు సున్నా నుంచి మొదలుపెట్టాలి. వదిలి వెళ్లినవారి వరుసలను చెరిపివేయవద్దు. మూడేళ్ల తరువాత వారే తిరిగి వచ్చి, నా లెక్క ఎక్కడ ఆగిందని అడిగిన సందర్భం మా లీగ్‌లోనే ఉంది. ఆ రోజు పాత పేజీ తెరిచి చూపించగలిగినందుకు నాకు కలిగిన ఆనందం చిన్నది కాదు.

డ్రాలకు వేరే గడి ఉండాలి. కొందరు డ్రాను సగం గెలుపుగా కలిపేసి 12.5 అని రాస్తారు. అది కూడికకు సులువే గాని, 12 గెలుపులూ ఒక డ్రా అన్న సమాచారం అందులో కలిసిపోతుంది. గెలుపు, డ్రా, ఓటమి అని మూడు అంకెలుగా రాయడమే సరైనది. నాకౌట్ మ్యాచులను మొత్తంలో కలిపినా పక్కన విడిగానూ చూపాలి. లీగ్ మ్యాచుల్లో 6-14తో వెనకబడిన మనిషి రెండు సెమీఫైనల్స్‌లోనూ గెలిచి ఉంటే, అసలు పైచేయి ఎవరిదన్న ప్రశ్న వారిద్దరి మధ్య ఎన్నటికీ తెగదు. ఆ వాదనకు రెండు లెక్కలూ కావాలి.

పాయింట్ల తేడాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే నియమాలు మారుతూ ఉంటాయి. ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌లో 2025-26 నుంచి డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, ఫార్వర్డ్‌లు రక్షణలో చేసే పనికి కూడా పాయింట్లు ఇవ్వడం మొదలైంది, చిప్‌లు (ఏదో ఒక వారం వాడుకునే ప్రత్యేక అవకాశాలు) కూడా సీజన్ రెండు సగాల్లోనూ ఒక్కో పూర్తి సెట్ చొప్పున వచ్చాయి. అప్పటి 70 పాయింట్లూ అంతకు పదేళ్ల ముందటి 70 పాయింట్లూ ఒకే బరువు కలవని అనలేము. గెలుపోటముల సంఖ్యను సీజన్లు దాటి కలపవచ్చు. అతి పెద్ద గెలుపు, అతి తక్కువ స్కోరు వంటి రికార్డులను మాత్రం నియమాలు మారిన చోట గీత గీసి విడిగా ఉంచడం న్యాయం.

వారం పూర్తిగా ముగిసేదాకా వరుస నింపకూడదు. ఆట ముగిశాక బోనస్ పాయింట్లు కలుస్తాయి. ఆడని ఆటగాడి స్థానంలోకి బెంచ్ నుంచి వచ్చేవారి పాయింట్లు వారం చివర కలుస్తాయి. కెప్టెన్ ఒక్క నిమిషం కూడా ఆడకపోతే ఆ రెట్టింపు వైస్ కెప్టెన్‌కు పోతుంది. ఆదివారం రాత్రి రెండు పాయింట్ల తేడాతో ఓడినట్టు కనిపించిన మ్యాచ్ మంగళవారానికి గెలుపుగా మారడం అరుదేమీ కాదు.

షెడ్యూలు వేయడం, పాత పోటీలకు వారాలు కేటాయించడం

అందరూ అందరితో ఒక్కొక్కసారి ఆడేలా షెడ్యూలు వేయడానికి చక్రం పద్ధతి చాలు. ఒకరిని కదలకుండా ఉంచి మిగిలినవారిని వారానికొక స్థానం చొప్పున తిప్పుతారు. ఆరుగురుంటే మొదటి వారం 1-6, 2-5, 3-4, రెండో వారం 1-5, 6-4, 2-3, మూడో వారం 1-4, 5-3, 6-2, నాలుగో వారం 1-3, 4-2, 5-6, అయిదో వారం 1-2, 3-6, 4-5 వస్తాయి. మొత్తం 15 మ్యాచులు, ఏ జోడీ రెండుసార్లు రాదు. సభ్యుల సంఖ్య బేసి అయితే ఒక ఖాళీ స్థానం కలుపుకుని, ఆ వారం దానితో పడినవారికి ఆ వారం లీగ్ సగటు స్కోరును ప్రత్యర్థిగా పెట్టవచ్చు. ఫాంటసీ ప్రీమియర్ లీగ్ ముఖాముఖి లీగ్‌లలోనూ ఇదే ఏర్పాటు ఉంది. సగటు మీద సాధించిన గెలుపు పట్టికలో చేరుతుంది గాని ఏ మనిషి మీదా చేరదు.

ఇక్కడే ఒక చక్కని అవకాశం ఉంది. పదిమంది సభ్యులుంటే ఒక చుట్టుకు 9 వారాలు పడుతుంది, 38 వారాల సీజన్‌లో నాలుగు చుట్లు పూర్తయ్యేసరికి 36 వారాలు గడిచి రెండు వారాలు మిగులుతాయి. ఎనిమిదిమందైతే అయిదు చుట్లకు 35 పోగా మూడు, పన్నెండుమందైతే మూడు చుట్లకు 33 పోగా అయిదు మిగులుతాయి. ఈ మిగులు వారాలను చీటీలు వేసి నింపేస్తే వృథా చేసినట్టే. వాటిని పాత పోటీల వారాలుగా ప్రకటించాలి.

రెండు వారాలు మిగిలితే నేను చేసే పని ఇది. మొదటిదానిలో ప్రతి ఒక్కరికీ ఏటా మారని శాశ్వత ప్రత్యర్థి ఉంటారు. రెండోదానిలో గత సీజన్ పట్టికలో మొదటివారు రెండోవారితో, మూడోవారు నాలుగోవారితో, అలా వరుసగా తలపడతారు. శాశ్వత జోడీలను ఎంచేటప్పుడు కేవలం లెక్క దగ్గరగా ఉందా అని కాక, వారిద్దరూ ఒకరినొకరు నిజంగా పట్టించుకుంటారా అని చూడాలి, ఇద్దరి సమ్మతీ తీసుకోవాలి. 10-10 లెక్క ఉండి ఒకరి స్కోరు ఒకరు ఎప్పుడూ చూసుకోని జోడీ కన్నా, 7-13తో వెనకబడి ప్రతిసారీ పంతంతో వచ్చే జోడీ ఎంతో మేలు. ఈ మ్యాచులను లీగ్ పట్టికలో కలపాలా వద్దా అన్న చర్చ వస్తుంది. కలపాలనే నా అభిప్రాయం. పట్టికలో విలువ లేని మ్యాచ్‌కు ఎవరూ ఒళ్లు వంచి సిద్ధం కారు. శాశ్వత ప్రత్యర్థి బలహీనుడైనవారికి కొంత లాభం కలిగే మాట నిజమే అయినా, 38లో ఒక్క మ్యాచ్ వల్ల వచ్చే ఆ కాస్త తేడాను భరించవచ్చు.

ఆ వారం ఎప్పుడుండాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. సీజన్ తొలి నాలుగైదు వారాలు పనికిరావు, అప్పటికి ఎవరి జట్టూ కుదురుకుని ఉండదు. కొన్ని క్లబ్బులకు మ్యాచ్ లేని వారాలు, కొన్నింటికి రెండేసి మ్యాచులున్న వారాలు సీజన్ ద్వితీయార్ధంలో ఎక్కువగా వస్తాయి, ఆ వారాల్లో చిప్‌లే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. దేశాల జట్ల మ్యాచుల కోసం లీగ్ ఆగే అంతర్జాతీయ విరామానికి సరిగ్గా ముందు వచ్చే వారం నా దృష్టిలో అన్నింటికన్నా అనువైనది. ఆ తరువాత దాదాపు రెండు వారాల పాటు లీగ్ ఆట ఉండదు కనుక ఆ ఫలితం అంతకాలమూ మాటల్లో నిలిచి ఉంటుంది, గెలిచినవారికి తనివి తీరుతుంది, ఓడినవారికి తరువాతి మ్యాచ్ మీద పట్టుదల పెరుగుతుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే లీగ్‌లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 14 వారాల లీగ్ దశలో పదిమందికి ఒక చుట్టు పోగా అయిదు, పన్నెండుమందికి ఒక చుట్టు పోగా మూడు వారాలు మిగులుతాయి.

అదృష్టం ఎంత, ఆధిక్యం ఎంత

ముఖాముఖి లెక్కను ప్రేమించేవారు దాని బలహీనతను కూడా తెలుసుకోవాలి. ఈ ఆటలో ఎదుటివారి స్కోరును ఆపగల శక్తి మనకు లేదు. చదరంగంలో అయితే మన ఎత్తు ఎదుటివారి ఎత్తును అడ్డుకుంటుంది, ఇక్కడ ఇద్దరమూ వేర్వేరుగా చేసిన పనిని వారం చివర పక్కపక్కన పెట్టి చూస్తారు, అంతే. పదిమందిలో రెండో అత్యధిక స్కోరు సాధించి కూడా, ఆ వారం మొదటి స్థానంలో ఉన్నవారితోనే మ్యాచ్ పడినందువల్ల ఓడిపోవచ్చు.

సమాన బలమున్న ఇద్దరు డ్రాలు లేకుండా 20 సార్లు తలపడితే, కేవలం యాదృచ్ఛికంగానే 13-7 గాని అంతకన్నా ఏకపక్షంగా గాని ఎవరో ఒకరి వైపు మొగ్గే అవకాశం నూటికి 26. కాబట్టి 13-7 చూపించి నేనే మెరుగని నిరూపించానంటే అది చాలదు. 16-4 గాని అంతకు మించి గాని అలా రావడానికి అవకాశం నూటికి ఒకటి మాత్రమే, అంత తేడా ఉంటే నమ్మవచ్చు. పది మ్యాచుల్లో 8-2 గాని అంతకు మించి గాని రావడానికి నూటికి 11 దాకా అవకాశం ఉంది. పదిమంది లీగ్‌లో 45 జోడీలుంటాయి కనుక, అందరూ సమాన బలం కలవారే అయినా పది మ్యాచుల తరువాత దాదాపు అయిదు జోడీల లెక్క అంత ఏకపక్షంగా కనిపిస్తుంది. ఫలానావాడంటే నాకు అచ్చిరాదని ఎవరైనా బాధపడుతుంటే వారికి ఈ లెక్క చూపించండి, నిజంగా ఊరట కలుగుతుంది.

అయితే ఇద్దరిలో ఎవరు మెరుగో తెలుసుకోవడానికి దారి లేకపోలేదు. నేను దానిని నీడ లెక్క అంటాను. షెడ్యూలు ప్రకారం ఆ ఇద్దరికీ మ్యాచ్ ఉన్నా లేకపోయినా ప్రతి వారం వారి తుది స్కోర్లను పోల్చి, ఎవరిది ఎక్కువైతే వారికి ఒక గెలుపు రాయాలి. పదిమంది లీగ్‌లో ఒక జోడీ ఏడాదికి నాలుగు సార్లో అయిదు సార్లో తలపడుతుంది, నీడ లెక్కలో మాత్రం 38 పోలికలు వస్తాయి. నాలుగేసి మ్యాచుల చొప్పున పది సీజన్లు గడిచిన ఒక జోడీకి అసలు లెక్క 21 గెలుపులు, 2 డ్రాలు, 17 ఓటములు అనుకుందాము. అదే జోడీకి 380 వారాల నీడ లెక్క 178 గెలుపులు, 12 డ్రాలు, 190 ఓటములుగా రావచ్చు. తలపడిన రోజున పైచేయి ఒకరిది, మొత్తం మీద కొద్దిపాటి మొగ్గు మరొకరిది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాయండి. నీడ లెక్క మంచిదని చెప్పి అసలు లెక్కను దించివేయవద్దు. మ్యాచ్ ఉందని తెలిసి చేసిన ఎంపికలు, ఆ వారం పడిన ఉత్కంఠ అసలు లెక్కలోనే ఉంటాయి, నీడ లెక్కకు ఆ వేడి తెలియదు.

మ్యాచ్ వారం సిద్ధం కావడం

పాత ప్రత్యర్థితో మ్యాచ్ ఉన్న వారం రెండు జట్లలోని పేర్లనూ ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరిలోనూ ఉన్న ఆటగాళ్లను కొట్టివేయండి. పదకొండుమందిలో ఎనిమిదిమంది ఉమ్మడిగా ఉంటే ఆ మ్యాచ్ నిజానికి ముగ్గురికీ ముగ్గురికీ మధ్యనే జరుగుతుంది, మిగిలిన తేడా అంతా కెప్టెన్‌ది. మీ ముగ్గురికి 6, 2, 9 కలిపి 17, వారి ముగ్గురికి 5, 8, 3 కలిపి 16 వచ్చాయనుకోండి. అప్పటికి మీరు ఒక పాయింటు ముందున్నారు. ఇద్దరి జట్లలోనూ ఉన్న స్ట్రైకర్‌ను మీరు, మిడ్‌ఫీల్డర్‌ను వారు కెప్టెన్‌గా పెట్టగా స్ట్రైకర్‌కు 5, మిడ్‌ఫీల్డర్‌కు 7 వస్తే, ఆ రెట్టింపుల వల్ల లెక్క 22-23గా మారి మీరు ఓడిపోతారు. ఆటగాళ్ల ఎంపికలో గెలిచి కెప్టెన్ దగ్గర ఓడారన్నమాట. రిజిస్టరులో కెప్టెన్ల గడి పెట్టమన్నది ఇందుకే. పదేళ్ల కెప్టెన్ల గడిని ఒక్కసారి పైనుంచి కిందికి చదివితే, ఎదుటివారు ఒత్తిడిలో ఎటు మొగ్గుతారో ఏ గణాంకమూ చెప్పనంత స్పష్టంగా కనిపిస్తుంది.

మీ జట్టు ఆ వారం బలంగా ఉందనిపిస్తే ఎదుటివారు పెట్టే కెప్టెన్‌నే మీరూ పెట్టడం క్షేమం, తేడాలు తగ్గే కొద్దీ బలమైన జట్టుకే లాభం. వెనకబడి ఉన్నామనిపిస్తే వారి దగ్గర లేని ఆటగాడి మీద ధైర్యం చేయాలి. ఒక్క మ్యాచ్ కోసం 4 పాయింట్ల కోత పెట్టుకుని బదిలీ చేసే ముందు మాత్రం బాగా ఆలోచించండి. ఆ వచ్చేవాడు పోయేవాడికన్నా అయిదు పాయింట్లు ఎక్కువ తెస్తేనే మీకు మిగిలేది ఒకటి.

ముందే రాసిపెట్టుకోవలసిన నియమాలు

తగాదాలన్నీ అనుకోని వారాల్లోనే వస్తాయి. 2022 సెప్టెంబరులో బ్రిటన్ రాణి ఎలిజబెత్ మరణించినప్పుడు ప్రీమియర్ లీగ్ 7వ వారం మ్యాచులన్నీ వాయిదా పడ్డాయి. ఇద్దరికీ ఆట లేని వారాన్ని 0-0 డ్రాగా రిజిస్టరులో ఎక్కించడం నాకు సమ్మతం కాదు, దానిని జరగని మ్యాచ్‌గానే రాయాలి. 2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్‌లో బఫలో, సిన్సినాటి జట్ల మధ్య మ్యాచ్‌లో బఫలో ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె ఆగి మైదానంలోనే కుప్పకూలడంతో ఆట నిలిపివేశారు, తరువాత రద్దు చేశారు. ఆయన కోలుకుని మళ్లీ ఆడడం అందరికీ సంతోషం కలిగించింది. అయితే అది 17వ వారం, ఎన్నో ఫాంటసీ లీగ్‌ల ఫైనల్ వారం. ఆ రాత్రి ట్రోఫీ గురించి మాట్లాడే మనసు ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా. ఇటువంటి పరిస్థితిలో ఏమి చేయాలో ముందే ఒక వాక్యంలో రాసి ఉంటే ఆ మాట ఎత్తవలసిన అవసరమే రాదు. మా నియమం ఇది: ఫలితాన్ని మార్చగల మ్యాచ్ రద్దయితే ఇద్దరూ సంయుక్త విజేతలు, రిజిస్టరులో అది డ్రా.

మరొకటి, వదిలేసిన జట్ల సంగతి. సీజన్ మధ్యలో ఒకరు జట్టును పట్టించుకోవడం మానేస్తే వారి మీద వచ్చే గెలుపులు చవక అవుతాయి. వరుసగా నాలుగు వారాలు బదిలీలు గాని కెప్టెన్ మార్పు గాని లేకపోతే ముందుగా ఫోను చేసి కుశలం అడగండి, వారి ఇంట్లో ఏదైనా కష్టం ఉండి ఉండవచ్చు. ఆ తరువాతి మ్యాచులను పట్టికలో లెక్కించండి గాని ఇద్దరి రిజిస్టరులో నక్షత్రం గుర్తు పెట్టండి.

ట్రోఫీ, మాటలు

శాశ్వత జోడీకి చేతులు మారే వస్తువు ఒకటి ఉంటే మంచిది. అది డబ్బు కాకూడదు, ఖరీదైనదీ కానక్కరలేదు. వస్తువు అడుగున ప్రతి ఏటి ఫలితమూ రాయడానికి చోటుంటే చాలు. డ్రా అయితే ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నకు యాషెస్ పద్ధతి చక్కని జవాబు: సిరీస్ సమమైతే ఇంతకుముందు ఎవరి దగ్గర ఉందో వారి దగ్గరే ఉంటుంది.

మాటల విషయానికి వస్తే, ఆటపట్టించడం లేని పోటీ ఉప్పులేని పప్పే అయినా దానికి వేళ ఉంది. డెడ్‌లైన్ ముందూ, తుది స్కోరు ఖాయమైన తరువాతా ఎంతైనా అనుకోవచ్చు. మధ్యలో, ఎదుటివారి ఆటగాడు గాయపడి పడిపోయిన క్షణంలో సంబరపడడం మాత్రం తగదు. ఓడినవారు ముందుగా అభినందించాలన్న అలవాటు మా గ్రూపులో ఎలా వచ్చిందో గుర్తులేదు గాని, అది వచ్చిన తరువాత మాటలు ముదిరి అలకల దాకా పోయిన సందర్భం ఒక్కటీ లేదు.

సీజన్ ముగిసిన వారం

ఈ పనిని మాత్రం వాయిదా వేయవద్దు. ఫాంటసీ ప్రీమియర్ లీగ్ కొత్త సీజన్‌కు తెరుచుకున్నప్పుడు పాత సీజన్ల నుంచి మీకు కనిపించేవి మొత్తం పాయింట్లు, ర్యాంకు మాత్రమే. ఏ వారం ఎంత వచ్చిందో, ఎవరిని కెప్టెన్‌గా పెట్టారో అప్పటికి పోతుంది. కొన్ని ఇతర యాప్‌లు పాత సీజన్లను దాచి ఉంచినా, లీగ్ ఒక యాప్ నుంచి మరొకదానికి మారిన రోజున ఆ చరిత్ర వెంట రాదు. అందుచేత చివరి వారం పాయింట్లు ఖాయమైన రెండు మూడు రోజుల్లోనే 38 వారాల స్కోర్లన్నీ మీ స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, ఇద్దరు వేర్వేరు సభ్యుల దగ్గర ఒక్కో ప్రతి ఉంచండి. ఒకరు రాసినదానిని మరొకరు సరిచూడాలి. ముఖ్యంగా బదిలీల కోత గడిని.

అది పూర్తయ్యాక ప్రతి జోడీకీ వారి పేజీ పంపి, ఇద్దరి నుంచీ సరేనన్న మాట తీసుకోండి. అభ్యంతరం ఉంటే కొత్త సీజన్ మొదటి డెడ్‌లైన్ లోపు ఆధారంతో చెప్పాలి, ఆ తరువాత ఆ పేజీని మార్చరు. మా ఇద్దరి పేజీలో ఆ పాత 14వ వారం వరుస ఇప్పటికీ 54-56గానే ఉంది. దాని పక్కన ఇద్దరి పొడి సంతకాలూ ఉన్నాయి.